పందెం రక్తి కట్టాలంటే



కోయంబత్తూరులో రేస్‌కోర్స్ ఎక్కడ అని అడిగితే చిన్నపిల్లవాడైనా దారి చూపిస్తాడు. తీరా వెళ్తే అక్కడ గుర్రాలు కనబడవు. పొద్దున్నే నడకకు వచ్చే పెద్దవాళ్ళు కనబడతారు. పేరు అక్కడ మిగిలింది గాని పందెం మటుకు ఊరి బయటికి, చెట్టిపాళయం వైపుకి మారింది. అది గుర్రాల పందెం కాదు, కార్ల పందెం. చెట్టిపాళయంలో 2.1 కిలోమీటర్ల పొడవున్న తారుబాట ఉంది. దాని పేరు కరి మోటార్ స్పీడ్‌వే. 2003లో మొదలైంది. పోటీలు జరిగే ఆదివారాలు ఆ చుట్టుపక్కల ఇంజన్ల రొద దూరానికి కూడా వినిపిస్తుంది.

ఓసారి అక్కడ నా పక్కన కూర్చున్న ఒక కుర్రవాడు వాళ్ళ తాతను ఒక మాట అడిగాడు. "తాతా, ఎవరు గెలుస్తారో ముందే తెలిసిపోతే ఇంక చూడడం దేనికి?" తాతగారు నవ్వి ఊరుకున్నారు. ఆ ప్రశ్న మాత్రం నన్ను వదలలేదు. మోటారు పందేలను నడిపేవాళ్ళందరినీ ఏళ్ళ తరబడి వేధిస్తున్న ప్రశ్న కూడా అదే.

దీనికి జవాబు మన పల్లెల్లో ఎప్పుడో దొరికింది. పొల్లాచ్చి, ఉడుమలై ప్రాంతాల్లో రేక్లా బండ్ల పందేలు చూసినవారికి తెలుసు. లేత ఎద్దులకు ఒక దూరం, ముదురు ఎద్దులకు ఇంకొక దూరం. ఆంధ్ర దేశంలో బండలాగుడు పోటీల్లో అయితే ఎద్దు నోరు తెరిచి పళ్ళు లెక్కపెడతారు. రెండు పళ్ళ జత, నాలుగు పళ్ళ జత, ఆరు పళ్ళ జత అని విభాగాలు చేస్తారు. ఎందుకంటే రెండు పళ్ళ గిత్తల పక్కన ముదురు ఎద్దుల్ని నిలబెడితే అది పోటీ కాదు, చూడవచ్చినవాడికి రక్తి కట్టదు. మోటారు పందెంలో ఎద్దు పళ్ళకు బదులు మనిషి జేబును చూడాలి. కష్టమంతా అక్కడే ఉంది. జేబుకు పళ్ళు ఉండవు కదా!

ఫార్ములా వన్ పోటీల్నే తీసుకోండి. ఒక ఏడాదిలో ఇరవైకి పైచిలుకు పందేలు జరుగుతాయి. ప్రతి పందెంలో వచ్చిన స్థానాన్ని బట్టి పాయింట్లు ఇస్తారు. ఏడాది చివర ఎవరికి ఎక్కువ ఉంటే వారే ఛాంపియన్. 2002లో మైకేల్ షూమాకర్ 17 పందేలలో 11 గెలిచాడు. జూలై నెలలోనే, పదకొండో పందెం ముగిసేసరికే ఛాంపియన్ అయిపోయాడు. ఇంకా ఆరు పందేలు మిగిలే ఉన్నాయి. పెళ్ళి అయిపోయాక అప్పగింతలకు జనం ఎంతసేపు కూర్చుంటారు? నిర్వాహకులు కంగారుపడి మరుసటి ఏడాదికే లెక్క మార్చారు. అంతకుముందు మొదటివాడికి 10, రెండోవాడికి 6 పాయింట్లు వచ్చేవి. 2003 నుంచి రెండోవాడికి 8 చేశారు. గెలిచినవాడు ముందుకు దూకే దూరం నాలుగు నుంచి రెండుకు తగ్గింది. వెనకబడినవాడికి ఆశ ఎక్కువ రోజులు నిలిచే ఏర్పాటు అన్నమాట. 2010లో మళ్ళీ మార్చి మొదటివాడికి 25, రెండోవాడికి 18 చేశారు. గెలుపుకి విలువ తగ్గిపోయిందని ఈలోగా ఫిర్యాదులు వచ్చాయి మరి.

ఆశ నిలిస్తే ఏమవుతుందో చెబుతాను. 2007లో ఇంకా రెండు పందేలే ఉన్నాయనగా కిమి రైకోనెన్ 17 పాయింట్లు వెనకబడి ఉన్నాడు. ఒక గెలుపుకి 10 పాయింట్లే వచ్చే రోజులవి. ఆ రెండు పందేలూ తానే గెలిచాడు. ముందున్న ఇద్దరూ తడబడ్డారు. చివరికి రైకోనెన్‌కు 110, హామిల్టన్‌కు 109, అలోన్సోకు 109. మరుసటి ఏడాది బ్రెజిల్‌లో ఫెలిపె మాసా గీత దాటగానే వాళ్ళ ఇంటివాళ్ళు గెలిచామని గంతులు వేశారు. అర నిమిషం పైచిలుకు గడిచేసరికి, హామిల్టన్ చివరి మలుపులో ఒక కారును దాటి ఐదో స్థానానికి వచ్చాడు. ఒక్క పాయింటు తేడాతో ఛాంపియన్ హామిల్టనే అయ్యాడు. అటువంటి ఆదివారం ఒకటి చూసినవాడు పదేళ్ళయినా మరిచిపోడు.

అయితే పాయింట్ల లెక్క మార్చడం పైపూత మందు. అసలు జబ్బు డబ్బులో ఉంది. ఈ క్రీడకు డబ్బు ముఖ్యంగా మూడు దారుల్లో వస్తుంది. పందెం తమ ఊళ్ళో జరగాలని కోరుకునేవారు కట్టే రుసుము ఒకటి, టెలివిజన్ హక్కుల సొమ్ము ఒకటి, కారు ఒంటినిండా పేర్లు రాయించుకునే కంపెనీలు ఇచ్చేది ఒకటి. మొదటి రెండింటిలో జట్ల వాటాను పంచేటప్పుడు పైస్థానంలో ఉన్నవారికి ఎక్కువ వెళ్తుంది. ఎక్కువ వచ్చినవారు మంచి ఇంజనీర్లను పెట్టుకుంటారు, మంచి కారు చేస్తారు, మళ్ళీ గెలుస్తారు, మళ్ళీ ఎక్కువ తెచ్చుకుంటారు. ఉన్నవాడి పొలానికే కాలవ నీళ్ళు ముందు పారినట్టు!

దీనికి విరుగుడుగా 2021లో ఖర్చుకు హద్దు పెట్టారు. ఒక జట్టు ఏడాదికి 14 కోట్ల 50 లక్షల డాలర్లకు మించి కారు మీద ఖర్చు చేయకూడదన్నారు. 2023 నాటికి దాన్ని 13 కోట్ల 50 లక్షలకు తగ్గించారు. డ్రైవర్ల జీతాలు ఇందులోకి రావు. మన రూపాయల్లో వెయ్యి కోట్లకు పైమాటే. దాన్ని పొదుపు అనడం వాళ్ళకే చెల్లింది. దాంతోపాటు ముందున్న జట్టుకు గాలి సొరంగంలో కారును పరీక్షించుకునే సమయం తగ్గించి, వెనకబడిన జట్టుకు పెంచారు. వెంటనే గుణం కనబడలేదు. 2023లో 22 పందేలలో 21 ఒకే జట్టు, రెడ్ బుల్, గెలుచుకుంది. 2024లో మాత్రం ఏడుగురు డ్రైవర్లు తలా రెండు పందేలైనా గెలిచారు. జట్ల ఛాంపియన్‌షిప్ 1998 తరువాత మళ్ళీ మెక్‌లారెన్‌కు వచ్చింది. అంతా ఆ హద్దు మహిమే అని నేను అనను. కానీ జేబుకు పళ్ళు లెక్కపెట్టే ప్రయత్నం ఒకటి జరిగిందని మాత్రం ఒప్పుకోవాలి.

ఇదంతా సముద్రాల అవతలి మాట. మన కోయంబత్తూరు ఈ సంగతిని అంతకు చాలా ముందే, మరో దారిలో పట్టుకుంది.

విజయనగర రాజుల కాలంలోను, మదురై నాయకుల కాలంలోను ఇటు వచ్చి నల్లరేగడి భూముల్లో పత్తి పండించిన తెలుగు కుటుంబాలు, ఇరవయ్యో శతాబ్దంలో మిల్లులు పెట్టాయి. కుప్పుస్వామి నాయుడుగారి లక్ష్మీ మిల్స్ 1910 నాటిది. మిల్లు ఉన్నచోట లేత్ మిషన్లు, పోతపని, మెకానిక్కులు వచ్చారు. జి.డి. నాయుడుగారు 1920లో పొల్లాచ్చి నుంచి పళనికి ఒకే ఒక్క బస్సుతో మొదలుపెట్టారు. మదురై వైపు శ్రోతలకు టి.వి.ఎస్. వారి సంగతి నేను చెప్పనక్కరలేదు. ఇంజన్ విప్పి మళ్ళీ బిగించగల చేతులు ఈ ఊళ్ళలో వీధికి నాలుగు ఉండేవి.

ఆ లక్ష్మీ మిల్స్ కుటుంబంలో పుట్టినవారే ఎస్. కరివర్ధన్. ఆయన కారు పందేలు నడిపేవారు, కార్లు తయారుచేసేవారు. అప్పట్లో పందేలు మద్రాసు దగ్గర షోలవరంలో, రెండో ప్రపంచయుద్ధం నాటి విమానాల బాట మీద జరిగేవి. ఖరీదైన విదేశీ కార్లు తెప్పించుకోగలిగిన కొద్దిమంది ముందు, ఇంట్లో కారుకే మార్పులు చేసుకుని వచ్చినవారు వెనక. జనం విరగబడి వచ్చేవారు, నిజమే. అయినా ఎవరు ముందుంటారో బ్యాంకు పుస్తకం చూసి చెప్పేయవచ్చు. కరివర్ధన్ ఏం చేశారంటే, మారుతి 800 ఇంజన్ పెట్టి ఒక మనిషి కూర్చునే చిన్న పందెం కారు రూపొందించారు. దాన్ని ఫార్ములా మారుతి అన్నారు. అందరికీ ఒకే రకం కారు, ఒకే రకం ఇంజన్. ఇంజన్ సంగతి వీధి మెకానిక్కుకు తెలిసిందే, విడిభాగాలు బజారులో దొరికేవే. డొక్కు పడినా సరిచేసుకోవచ్చు. ఇక తేడా అంతా నడిపేవాడి చేతిలో, వాడి గుండెలో ఉండాలి. నాకు తెలిసినంతలో మన దేశపు పందెం చరిత్రలో ఇంతకంటె తెలివైన పని జరగలేదు.

1995లో కరివర్ధన్ గగనయాన ప్రమాదంలో చనిపోయారు. చెట్టిపాళయం బాటకు ఉన్న కరి అన్న పేరు ఆయనదే. సైకిలు, మోటారు సైకిలు గొలుసులు చేసే ఎల్.జి.బి. సంస్థకు చెందిన బి. విజయ్‌కుమార్ ఆ బాట వేయించారు. ఎల్.జి.బి. పేరుతో వచ్చిన ఫార్ములా కార్లు కూడా అదే దారిలోవి. 1300 సీసీ స్విఫ్ట్ ఇంజన్, అందరికీ ఒకే టైర్లు. అందుకే ఆ పందెంలో కార్లు ఒకదాని తోక ఒకటి పట్టుకుని గుంపుగా మలుపు తిరుగుతాయి. ఎవరు గెలుస్తారో చివరి చుట్టు దాకా చెప్పలేం.

ఆ ఫార్ములా మారుతి కారులో పాఠాలు నేర్చుకున్నవాడే మన నారాయణ్ కార్తికేయన్. 1977లో పుట్టాడు. తండ్రి జి.ఆర్. కార్తికేయన్ సౌత్ ఇండియా ర్యాలీని ఏడుసార్లు గెలిచిన మనిషి. నారాయణ్ ఫ్రాన్సులో శిక్షణ పొందాడు. 1994లో బ్రిటన్‌లో ఫార్ములా ఫోర్డ్ శీతకాలపు పోటీలు గెలిచాడు. 1996లో ఫార్ములా ఆసియా ఛాంపియన్ అయ్యాడు. మరి ఫార్ములా వన్‌కు ఎప్పుడు చేరాడంటే, 2005లో. మధ్యలో తొమ్మిదేళ్ళు పట్టింది. ఒక్కొక్క మెట్టుకీ ఖర్చు పెరుగుతూ పోతుంది. ఇంటివారు ఎంత కలిగినవారైనా ఒక దశ దాటాక ఇంటి డబ్బు చాలదు, వెనక ఒక పెద్ద కంపెనీ నిలబడాలి. ఆయన వెనక టాటా వారు నిలిచారు. అప్పుడు జోర్డాన్ జట్టులో చోటు దొరికింది. ఆ జట్టు కారు మాత్రం వరుసలో వెనకుండేది.

ఇక్కడొక విచిత్రం చెప్పాలి. 2005 జూన్ 19న అమెరికాలో ఇండియానాపొలిస్ పందెం. మిషెలిన్ టైర్లు ఆ బాటకు ఆగవని తేలింది. 20 కార్లు వరుసకు బయలుదేరితే 14 కార్లు పందెం మొదలవకముందే పక్కకు తప్పుకున్నాయి. ఆరే మిగిలాయి. టిక్కెట్టు కొన్న జనం బాట మీదికి సీసాలు విసిరారు. ఆ ఆరింటిలో నారాయణ్ నాలుగో స్థానంలో వచ్చి 5 పాయింట్లు తెచ్చుకున్నాడు. ఫార్ములా వన్‌లో ఒక భారతీయుడు పాయింట్లు సాధించడం అదే మొదలు. ఆయన ఫార్ములా వన్ జీవితం మొత్తంలో వచ్చినవి కూడా అవే. అంటే మనకు గొప్పగా మిగిలిన పందెం, లోకం దృష్టిలో అన్నిటికంటే చప్పటి పందెం! ఆయన తప్పేమీ లేదు. ఉన్న కారును చివరిదాకా నిలబెట్టి తెచ్చాడు.

తరువాత పందెమే మన దేశానికి వచ్చింది. 2011 అక్టోబరు 30న ఢిల్లీ దగ్గర గ్రేటర్ నోయిడాలో బుద్ధ్ సర్క్యూట్ మీద మొదటి ఇండియన్ గ్రాండ్ ప్రీ జరిగింది. ఆ పందెంలో నారాయణ్ కూడా నడిపాడు, 17వ స్థానంలో వచ్చాడు. మూడేళ్ళు జరిగి 2013తో ఆగిపోయింది. ఎందుకంటే ఇది క్రీడా, వినోదమా అన్న పేచీ తెగలేదు. వినోదమైతే వినోదపు పన్ను కట్టాలి. విదేశాల నుంచి తెచ్చే కార్లకు, టైర్లకు కస్టమ్స్ చిక్కులు. మూడేళ్ళూ ఒక్క సెబాస్టియన్ వెటెలే మొదటి స్థానం నుంచి బయలుదేరి గెలిచాడు. ఆ కుర్రవాడు తాతను అడిగిన ప్రశ్న అక్కడ కూడా ఎవరో ఒకరు అడిగే ఉంటారు.

హైదరాబాదులో 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున కరెంటు కార్ల పందెం, ఫార్ములా ఇ, జరిగింది. ఫ్రాన్సు దేశపు జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. మరుసటి ఏడాది జరగాల్సిన పందెం, 2024 జనవరిలో రద్దయిపోయింది. ఊరి రోడ్ల మీద తాత్కాలికంగా కట్టిన బాట గనుక, పందెం పోతే అక్కడ నేర్చుకునే పిల్లలకు మిగిలేదేమీ ఉండదు.

చెట్టిపాళయంలో అలా కాదు. పెద్ద పందెం వచ్చినా రాకపోయినా బాట అక్కడే ఉంటుంది. కుర్రవాళ్ళు వస్తారు, ఒకే రకం కార్లలో కూర్చుంటారు, ఎవరు సత్తా ఉన్నవాడో తేలుతుంది. అలా తేలినవాడి తండ్రి మరునాడు పొద్దున వేసే ప్రశ్న మాత్రం కాస్త కష్టమైనది. "వీడు బాగా నడుపుతున్నాడు సరే నాయుడుగారూ, పై మెట్టుకి ఎంత అవుతుంది?" నారాయణ్ కోయంబత్తూరులోనే శిక్షణ అకాడమీ పెట్టి పిల్లలకు నేర్పే పనిలోకి దిగాడు. ఆ తండ్రుల ప్రశ్నకు లెక్క చెప్పగలిగినవారు మన వైపు ఎవరైనా ఉంటే, తొమ్మిదేళ్ళు ఆ మెట్లు ఎక్కిన ఆయనే.