పులిసిన పిండి – ఇంటింటి పుష్టికరాహారము

మైపాడు, తుమ్మలపెంట, కృష్ణపట్నము మొదలగు నెల్లూరు తీరగ్రామములలో ఇడ్లీ, దోసె నిత్యాహారములే. రాత్రి రుబ్బి ఉంచిన పిండి తెల్లవారునప్పటికి ఎట్లు పొంగుచున్నదో తెలిసికొనుట పంచాయతీ సభ్యులకు ఉపయోగకరము. ఏలయన, పిల్లల పోషణకును, గ్రామపు మంచినీటికిని ఇందు సంబంధము కలదు.

గోధుమ పండు దేశములలో గృహిణులు పాత పిండిముద్దను కొంత దాచి, దానితోనే మరునాటి రొట్టెను పొంగింతురు. మనము వరి, మినుములతో చేయునదియు అట్టి పనియే. పాలు పులియుట సూక్ష్మజీవుల పని యని ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు లూయీ పాశ్చర్ 1857లో వెల్లడించెను. మన పిండిని పొంగించు సూక్ష్మజీవులలో ల్యూకోనోస్టాక్ ముఖ్యమైనది. ఇవి ప్రధానముగా మినపపప్పుతోనే వచ్చును. వేరుగా కొనవలసిన పనిలేదు. ఇవి పిండిలోని చక్కెరను తిని, పులుపును, వాయువును పుట్టించును. మినపపిండి జిగట ఆ వాయువును పట్టి ఉంచుటచే పిండి పొంగును.

క్రొత్తగా చేయువారు ఒక గ్లాసు పొట్టు తీసిన మినపపప్పునకు రెండు గ్లాసుల ఇడ్లీరవ్వ తీసికొనవలెను. పప్పును నాలుగు గంటలు చన్నీట నానవేసి, నురుగువలె రుబ్బవలెను. చిటికెడు పిండి నీటిలో వేయగా తేలినచో సరిగా రుబ్బినట్లు. కడిగి నానబెట్టిన రవ్వను నీరు పిండి ఇందులో కలిపి, సగము ఖాళీగా నుండు పాత్రలో పోసి మూత ఉంచవలెను. ఎండకాలమున ఆరు లేక ఎనిమిది గంటలు, చలికాలమున పండ్రెండు గంటలు లేక ఇంకను ఎక్కువ పట్టును. ఉప్పు పులియుటను నెమ్మదింపజేయును గనుక, చలికాలమున పిండి పొంగిన పిమ్మటనే కలుపుట మేలు. నిన్నటి పిండి గరిటెడు చేర్చినచో పని త్వరపడును. సోడా అక్కరలేదు. పది పండ్రెండు నిమిషములు ఆవిరిపై ఉడికించిన చాలును. బూజు, గులాబి లేక నల్లని మచ్చలు, దుర్వాసన కనబడిన పిండిని పారవేయవలెను.

బియ్యములో కొరవడిన లైసిన్ అను మాంసకృత్తు భాగము మినుములలో సమృద్ధిగా నున్నది. పులియుటచే ధాన్యములోని ఇనుము శరీరమునకు మరింత అందును. 2019–21 జాతీయ కుటుంబారోగ్య సర్వేలో మన రాష్ట్రమున స్త్రీలలోను, ఐదేండ్లలోపు పిల్లలలోను సగమునకు మించి రక్తహీనత కనబడినది. ఇడ్లీ ఒక్కటే దీనికి మందు కాదు. ఆకుకూర, చేప, గ్రుడ్డు, వైద్యసలహా కూడ అవసరము. అయినను, చవకగా ఇంటనే లభించు ఈ బలమును విడువరాదు.

ఇక నీటి సంగతి. ఇడ్లీ ఆవిరికి ఉడుకును; దాని ప్రక్కనుండు పచ్చడి ఉడకదు, గ్లాసులోని నీరు ఉడకదు. మలినజలము అచ్చటనే పిల్లవానికి హాని చేయును. తీరమున కొన్ని బోరుబావులలో ఉప్పునీరు ఊరును. అట్టి నీరు రుబ్బుటకును తగదు. రాజ్యాంగము పదునొకండవ షెడ్యూలులో త్రాగునీరు, పారిశుద్ధ్యము, స్త్రీ శిశు సంక్షేమము పంచాయతీలకు అప్పగింపదగిన విషయములుగా చేర్చబడినవి. కావున సభ్యులు నీటి తొట్టిని క్రమముగా కడిగించి, క్లోరిన్ కలిపించి, నీటిని పరీక్ష చేయించవలెను. అంగన్‌వాడీ కుళాయిని స్వయముగా చూడవలెను. పిండిని పులియబెట్టుట తల్లులకు తెలియును. వారి చేతికి శుభ్రమైన నీరందించుట పంచాయతీ బాధ్యత.