టీకాల డాక్టరు: బహ్రెయిన్ చెప్పే అసలు సంగతులు

"డాక్టరంటే నాడి చూడాలి, మందు రాయాలి. పరిశోధనలతో ఆయనకేం పని?" పిల్లాడు ఎంబీబీఎస్ తర్వాత రీసెర్చి అంటే చాలా ఇళ్లలో వచ్చే మాట ఇది. బహ్రెయిన్‌లోని మనాఫ్ అల్ ఖహ్తానీ సంగతి చూడండి. ఆయన అంటువ్యాధుల వైద్యుడు. 2020లో కోవిడ్ రోగులకు కోలుకున్నవారి ప్లాస్మా ఎక్కిస్తే మేలా కాదా అని 40 మందిపై జరిగిన పరీక్షలో ఆయన ఉన్నారు. వెంటిలేటర్ అవసరం తగ్గిందని తేలలేదు. తేలలేదనే ప్రచురించారు. ఈ వృత్తిలో అదీ పనే.

అపోహ: టీకా ఒక్క మేధావి సృష్టి.

చాలామంది కలిస్తేనే అవుతుంది, అందరూ డాక్టర్లే కానక్కర్లేదు. 2021 నవంబరులో బహ్రెయిన్ అనుమతించిన కోవిడ్ టీకా కోవాక్సిన్ మన హైదరాబాద్‌ది. దాన్ని తయారుచేసిన భారత్ బయోటెక్ అధిపతి కృష్ణ ఎల్ల చదివింది వ్యవసాయ శాస్త్రం. సీసాలోకి ఎక్కిన మందు మనుషుల్లో పనిచేస్తుందా అని తేల్చడానికి మాత్రం వైద్యులు కావాలి.

అపోహ: ట్రయల్ అంటే మనుషులను ప్రయోగశాల ఎలుకలను చేయడం.

గల్ఫ్‌కు పనికి వెళ్లిన మన కరీంనగర్, నిజామాబాద్ వాళ్లకు ఈ భయం ఉంటే తప్పుపట్టలేం. కానీ ట్రయల్‌లో చేరే సమ్మతి పత్రంపై సంతకం పెట్టేముందు అడగాల్సినవన్నీ అడగాలి, ఇష్టం లేకపోతే మధ్యలోనే తప్పుకోవచ్చు. 2020 ఆగస్టులో బహ్రెయిన్‌లో చైనా సినోఫార్మ్ టీకా మూడో దశ పరీక్ష మొదలైంది. సెప్టెంబరులో యువరాజు సల్మాన్ బిన్ హమద్ కూడా వాలంటీరుగా చెయ్యి చాపారు. యూఏఈ, బహ్రెయిన్‌లలో కలిపి 40,382 మందిని మూడు జట్లు చేశారు. రెండు జట్లకు సినోఫార్మ్‌వే రెండు రకాల టీకాలు, మూడో జట్టుకు అసలు టీకా లేకుండా, అందులో కలిపే సహాయక పదార్థమైన ఆలమ్ మాత్రమే. 21 రోజుల తేడాతో రెండు డోసులు. ఎవరికి ఏది పడిందో వేయించుకున్నవాళ్లకూ తెలియదు, వేసినవాళ్లకూ తెలియదు. ఆ తర్వాత జ్వరమో దగ్గో వచ్చినవాళ్లను పరీక్షించి లెక్కపెట్టారు: ఆలమ్ జట్టులో 95 మందికి కోవిడ్, టీకా జట్లలో 26, 21. అంటే 72.8, 78.1 శాతం రక్షణ. తీవ్రంగా జబ్బుపడ్డ ఇద్దరూ ఆలమ్ జట్టువాళ్లే.

అపోహ: శాతం వచ్చేసిందంటే పని అయిపోయినట్టే.

నాకు ఇక్కడే అసలు ఆసక్తి. ఆ వాలంటీర్లలో 84 శాతం మగవాళ్లే, సగటు వయసు 36. మరి అరవై దాటినవాళ్ల మాటేమిటి? ఆ 78 శాతాన్ని నేరుగా తాతయ్యకు అంటగడితే శాస్త్రం ఒప్పుకోదు. అనుమతి వచ్చాక కూడా డాక్టరు లెక్క చూస్తూనే ఉండాలి. 2021 వేసవికి బహ్రెయిన్, సినోఫార్మ్ వేయించుకున్న పెద్ద వయసువాళ్లకు, దీర్ఘకాలిక జబ్బులున్నవాళ్లకు ఫైజర్ బూస్టర్ వేయడం మొదలుపెట్టింది.