పాతకారు: యింజను తాపము

వేలూరు–గుడియాత్తము మార్గమందలి కే.వి.కుప్పమునుండి పాత అంబాసిడరులో ఏలగిరికి పోదలచువారు, ఆ కొండదారి 14 మలుపులను ఎక్కుటకు ముందే యింజను తాపమును పరీక్షింపవలెను. 1489 ఘన సెంటీమీటర్ల పెట్రోలు యింజనును తీసి పెద్దదానిని అమర్చినచో వేడి హెచ్చును. రేడియేటరు మాత్రము పాతదే.

మొదట నీటిమట్టమును, ఫ్యాను బెల్టు బిగువును, మూత రబ్బరును చూడవలెను. మూత లోపలి ఒత్తిడిని నిలిపి, నీరు 100 డిగ్రీలు దాటినను మరగనీయదు. బోరునీటి సున్నము రేడియేటరు గొట్టములను పూడ్చును. కావున వానిని కడిగించి, శుద్ధజలముతో కూలెంటును కలిపి పోయవలెను. అప్పటికిని వేడి తగ్గనిచో యింజనుకు తగిన పెద్ద రేడియేటరే శరణ్యము.

దారిలో నీరు మరగినచో బండిని ఆపవలెను. నడిపినచో సిలిండరు హెడ్డు వంకరపోవును. వేడి మూతను విప్పినచో ఆవిరి ముఖమును కాల్చును. చల్లారువరకు ఓర్చుటయే ప్రయాణమునకు మేలు.