ట్యాబ్ ఎక్కడ ఆగాలి?

టైపు ఇన్‌స్టిట్యూట్‌లో స్టేట్‌మెంట్ కొట్టినవారి వేళ్లకు ట్యాబ్ మీట ఇంకా గుర్తుంటుంది. అంకెల వరస ఎక్కడ మొదలవ్వాలో మిషన్ మీద ముందే అక్కడ స్టాప్ పెట్టుకోవాలి. తర్వాత మీట నొక్కితే క్యారేజీ సర్రున జరిగి ఆ స్టాప్ దగ్గర ఠక్కున ఆగేది. ట్యాబ్ అంటే ట్యాబ్యులేటర్, పట్టికలు వేసేది. కాగితం బయటికి లాగాక దాని మీద మిగిలేది సిరా ఒక్కటే. స్టాపులు మిషన్‌లోనే ఉండిపోయేవి. దానివల్ల ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు.

చిక్కంతా కంప్యూటర్‌తో వచ్చింది. 1963 నాటి ఆస్కీ సంకేతపట్టిక ట్యాబ్‌కు 9వ సంఖ్య ఇచ్చింది. అంటే ఫైల్లో దాచేది ఖాళీ జాగా కాదు, ‘తర్వాతి స్టాప్ దాకా జరుగు’ అనే ఆజ్ఞ. ఆజ్ఞ ఫైలుతో పాటు ఊళ్లు తిరుగుతుంది. స్టాపులు మాత్రం చదివేవారి తెరలో ఉంటాయి. యూనిక్స్ టెర్మినళ్లలో 8 గడులకొక స్టాప్. ఒకరి ఎడిటర్‌లో 4, మరొకరి దాంట్లో 2. పంక్తుల ఎడమ జాగాలో ట్యాబులూ ఖాళీలూ కలగలిసిన ప్రోగ్రామ్ ఒక తెర మీద మెట్లుమెట్లుగా ముచ్చటగా ఉండి, పక్క తెర మీద చెల్లాచెదురవుతుంది.

1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ ‘మేక్’ అనే పనిముట్టు రాశారు. ఏ ఫైలు మారితే ఏవి తిరిగి తయారుచేయాలో చూసుకునేది అది. దానికిచ్చే మేక్‌ఫైల్‌లో ఆజ్ఞల పంక్తి ట్యాబ్‌తోనే మొదలవ్వాలి. అంతే వెడల్పున ఖాళీలు కొడితే కంటికి తేడా తెలియదు, మేక్ మాత్రం మొరాయిస్తుంది. ఆ నియమాన్ని మార్చుదామా అనుకునేసరికే పన్నెండు మంది దాకా వాడుతున్నారు. వారి ఫైళ్లు చెడగొట్టడం ఎందుకని ఆయన ఊరుకున్నారు.

తర్వాత ఎవరి ఆచారం వారిది. లైనక్స్ కెర్నల్‌లో 8 గడుల ట్యాబ్. 2001లో వచ్చిన పైథాన్ శైలి పత్రం పెప్ 8 చెప్పింది 4 ఖాళీలు. పైథాన్‌లో ఎడమ జాగాయే వ్యాకరణం; అందుకే అర్థం తేలని రీతిలో ట్యాబులూ ఖాళీలూ కలిపితే పైథాన్ 3 తప్పు చూపి ఆగిపోతుంది. 2009లో బయటికొచ్చిన గో భాష తనతో పాటు ‘గోఫమ్ట్’ అనే దిద్దరిని తెచ్చుకుంది. ఎవరెలా రాసినా అది ఒకే తీరుకు తెస్తుంది.

అన్ని భాషలకూ అలాంటి దిద్దరి లేదు. ఒకరు ఒక్క పంక్తి సవరించి సేవ్ చేస్తారు. ఎడిటర్ చప్పుడు చేయకుండా ట్యాబులన్నీ ఖాళీలుగా మార్చేస్తుంది. తనిఖీ చేసేవారికి ఫైలంతా మారినట్టు కనిపిస్తుంది. అసలు సవరణ గడ్డివాములో సూది.

ఈ బాధకు మందుగా వచ్చిందే ఎడిటర్‌కాన్ఫిగ్. ప్రాజెక్టు ఫోల్డరులో చుక్కతో మొదలయ్యే పేరున్న చిన్న ఫైలు అది. ట్యాబా ఖాళీలా, ఎన్ని గడులు, పంక్తి చివర ఏ గుర్తు, ఏ అక్షర సంకేతం — అన్నీ అందులో ఉంటాయి. దాన్ని గుర్తించే ఎడిటర్ ఏ ఫైలు తెరిచినా, ఆ ఫైలున్న ఫోల్డరు నుంచి పైకి దానికోసం వెతుక్కుంటూ వెళ్లి, ‘రూట్’ అని రాసి ఉన్నచోట ఆగుతుంది. టైపు మిషన్‌లో ఉండిపోయిన స్టాపులు ఇన్నాళ్లకు కాగితంతో పాటు బయల్దేరాయి.

అంతటా ఖాళీలే వాడాలని రాసుకున్న ప్రాజెక్టుల్లోనూ ఆ ఫైలు అడుగున తరచూ ఒక మినహాయింపు కనిపిస్తుంది: మేక్‌ఫైల్‌కు మాత్రం ట్యాబ్.