షెల్ తెరవకముందే చెప్పాల్సిన మాట

టెర్మినల్‌లో మనతో మాట్లాడేది షెల్ అనే ప్రోగ్రామ్. మనం కొట్టిన లైన్ చదివి పని చేయించే మధ్యవర్తి అన్నమాట. లినక్స్‌లో ఎక్కువగా కనిపించేది బాష్, 1989లో బ్రయన్ ఫాక్స్ గ్నూ ప్రాజెక్టు కోసం రాసింది. విండోస్‌లో అయితే సీఎండీ. ఎప్పుడూ ఐకాన్ నొక్కే తెరుస్తాం కాబట్టి, తెరిచేటప్పుడే దానికి ఆప్షన్లు ఇవ్వొచ్చని మనకి తట్టదు.

(కమాండ్లని ఇక్కడ తెలుగులో రాస్తున్నా. మీరు టైప్ చేసేది మాత్రం ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో.)

విండోస్‌లో బ్యాచ్ ఫైల్ డబుల్ క్లిక్ చేస్తే నల్ల విండో మెరిసి మాయమవుతుంది, ఎర్రర్ చదివే టైమే ఉండదు. సీఎండీకి స్లాష్ సి ఇస్తే పని చేసి మూసుకుంటుంది, స్లాష్ కె ఇస్తే పని అయ్యాక కూడా తెరిచే ఉంటుంది. ఎర్రర్ చూడాలంటే స్లాష్ కె పెట్టి ఆ ఫైల్ పేరు ఇవ్వండి, అంతే.

అసలు విషయం లినక్స్‌లో ఉంది. మూసారాంబాగ్‌లో రూమ్ తీసుకుని ఉండే మా క్లాస్‌మేట్ ఒకడి ఉబుంటులో టెర్మినల్ తెరిచిన క్షణంలోనే మూసుకుపోయేది. తెల్లారితే మినీ ప్రాజెక్ట్ రివ్యూ, కోడ్ మొత్తం ఆ లాప్‌టాప్‌లోనే. రూమ్‌లో వాళ్లంతా "ఫార్మాట్ కొట్టెయ్‌రా" అన్నారు. కారణం చాలా చిన్నది. మామూలుగా తెరుచుకునే ప్రతి బాష్ ముందు హోమ్ ఫోల్డర్‌లో ఉన్న డాట్ బాష్‌ఆర్‌సీ అనే ఫైల్ చదువుతుంది. ఎక్కడినుంచో కాపీ చేసిన లైన్లతో పాటు అందులోకి ఎగ్జిట్ అనే మాట కూడా చేరింది. పాపం బాష్ చదివింది, చెప్పినట్టే వెళ్లిపోయింది!

మందు ఏంటంటే, ఆ ఫైల్ చదవొద్దని బాష్‌కి ముందే చెప్పడం. ఆల్ట్, ఎఫ్2 కలిపి నొక్కితే వచ్చే పెట్టెలో గ్నోమ్ హైఫన్ టెర్మినల్, స్పేస్, రెండు హైఫన్లు, స్పేస్, బాష్, స్పేస్, మళ్లీ రెండు హైఫన్లు, వాటికి ఆనుకుని నోఆర్‌సీ. షెల్ నిలబడింది. నానోలో ఫైల్ తెరిచి ఆ ఒక్క లైన్ తీసేశాం. ఫార్మాట్ గొడవే లేదు.

ఇంకో ఆప్షన్ హైఫన్ సి. దాని తర్వాత కోట్స్‌లో ఇచ్చిన కమాండ్ నడిపి బాష్ వెళ్లిపోతుంది. ఇందులో ఒక మెలిక ఉంది. కోట్స్‌లో ఎకో డాలర్ వన్ అని రాసి (సింగిల్ కోట్సే వాడండి), వెనకాల మూసారాంబాగ్, దిల్‌సుఖ్‌నగర్ అని రెండు మాటలిస్తే ప్రింటయ్యేది దిల్‌సుఖ్‌నగర్. మొదటి మాట డాలర్ సున్నాలోకి పోతుంది. ఎల్బీనగర్ మెట్రోలో కునుకు తీసి ఒక స్టేషన్ దాటిపోయినట్టే.

హైఫన్ ఎక్స్‌తో స్క్రిప్ట్ నడిపితే ప్రతి కమాండ్ నడిచేముందు ప్లస్ గుర్తుతో కనిపిస్తుంది. హైఫన్ ఎన్ అయితే ఏదీ నడపకుండా సింటాక్స్ మాత్రమే చూస్తుంది. బాష్ ఫైల్‌ని మొత్తం ముందే చదవదు, కింద ఎక్కడో ఫై మర్చిపోయినా పై లైన్లు నడిచేస్తాయి. ఫైళ్లు డిలీట్ చేసే స్క్రిప్ట్ అయితే ముందు ఒకసారి హైఫన్ ఎన్ కొట్టి చూడండి. లాజిక్ తప్పుల్ని మాత్రం అది పట్టుకోదు.