ఏ హిమానీనదాన్ని చూడాలి?

సియాటిల్‌లో ఉద్యోగం చేస్తున్న మా పూర్వ విద్యార్థి ఒకరు తన అమ్మీ అబ్బాలను అలాస్కా ఓడ ప్రయాణానికి తీసుకువెళ్లాలని నిశ్చయించుకున్నాడు. ఒక ఓడ గ్లేసియర్ బేకు వెళుతుంది, మరొకటి హబ్బర్డ్ హిమానీనదానికి. "హజ్రత్, అమ్మీకి మోకాళ్ల నొప్పులు. మళ్లీ ఇంత దూరం రాగలరో లేదో. దేన్ని ఎంచుకోమంటారు?" అని అడిగాడు. మంచుగడ్డను చేపల బజారులో తప్ప చూసి ఎరుగని మమ్మల్ని అడగడం విడ్డూరమే. అయినా శిష్యుని మాట కాదనలేక పటాలు ముందేసుకుని కూర్చున్నాము.

పరిమాణమే కొలమానమైతే హబ్బర్డ్‌కు సాటి లేదు. దాని పొడవు 122 కిలోమీటర్లు. సముద్రాన్ని తాకే ముఖభాగం సుమారు 10 కిలోమీటర్ల వెడల్పు. తక్కినవి కరిగి వెనుకకు పోతుండగా ఇది శతాబ్దానికి పైగా ముందుకే జరుగుతున్నది. 1986లోనూ, 2002లోనూ రస్సెల్ అఖాతపు ముఖద్వారాన్ని మూసివేసి, దానిని కొంతకాలం సరస్సుగా మార్చింది. అయితే నీటిపై మంచుముక్కలు దట్టంగా తేలుతున్న రోజున ఓడ దూరంగానే ఆగిపోవలసి వస్తుంది. అక్కడ చూడవలసినది అదొక్కటే గనుక ఆ రోజు పోయినట్లే.

గ్లేసియర్ బే తీరు వేరు. రోజుకు రెండు పెద్ద యాత్రానౌకలకు మించి లోనికి అనుమతి లేదు. జాతీయ వనపు ఉద్యోగులే ఓడ ఎక్కి విశేషాలు వివరిస్తారు. 1794లో ఆంగ్ల నావికులు వచ్చినప్పుడు ఆ అఖాతం దాదాపు అంతా మంచే. 1879లో జాన్ మ్యూర్ వెళ్లేసరికి మంచు 60 కిలోమీటర్లకు పైగా వెనుకకు తగ్గింది. అంతకు మునుపు అదే మంచు ముందుకు వచ్చి హూనా ట్లింగిట్ ప్రజలను వారి నివాసాల నుండి వెళ్లగొట్టింది. నేటికీ వారు దానిని తమ స్వస్థలమనే అంటారు. ఇక్కడ ఓడ దాదాపు పగలంతా గడుపుతుంది. ఒకచోట పొగమంచు కమ్మినా మరొకచోట తెరిపి దొరకవచ్చు. మార్జరీ హిమానీనదం ఎదుట ఓడ మెల్లగా తిరుగుతుంది గనుక ఏ వైపు గది దొరికిందన్న చింత కూడా అక్కరలేదు.

ట్రేసీ ఆర్మ్ అనే ఇరుకు లోయను గురించి కూడా విన్నాము. 2025 ఆగస్టులో అక్కడ కొండచరియ కూలి భీకరమైన అల లేచింది. అటుపిమ్మట పలు కంపెనీలు ఓడలను పక్కనున్న ఎండికాట్ ఆర్మ్‌కు మళ్లించాయి.

మేము గ్లేసియర్ బేనే సూచించాము. జూనో రేవులో దిగిన రోజున మెండెన్‌హాల్ హిమానీనదం దగ్గరకు బస్సులో వెళ్లవచ్చుననీ చెప్పాము. మరో రెండు మాటలు కూడా రాసి పంపాము. సియాటిల్ నుండి బయలుదేరే ఓడలు సాధారణంగా కెనడాలోని విక్టోరియా వద్ద ఆగుతాయి. భారత పాస్‌పోర్టు గల అమ్మీ అబ్బాలకు ఆ దేశపు వీసా ముందే చూసుకోవాలి. రెండవది, మంచు విరిగి పడటం కంటికి ముందు కనిపిస్తుంది, ఉరుము వంటి శబ్దం తరువాత చేరుతుంది. చప్పుడు విని తల తిప్పితే మిగిలేది అలలే. కాబట్టి చూపు మరల్చవద్దు.

టిక్కెట్లు కొన్నారు. అమ్మీ మాత్రం ఒకే సంగతి అడిగారట: "పైన బయట కూర్చోవడానికి కుర్చీ ఉంటుందా?" ఉంటుందని, మందపాటి శాలువా మాత్రం మరువవద్దని కబురు చేశాము.