ఎర్రనేల ఒకటే, వాన వేరు

ఖరగ్‌పూర్‌లో మా శాఖకు వచ్చే తెలుగువారిలో చాలామంది, తాతల కాలంలో రైల్వే పనికి శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వచ్చిన కుటుంబాలవారే. మాది అనంతపురం అనగానే "అక్కడంతా ఎడారేనట కదండీ?" అని అడుగుతారు. బదిలీ ఉత్తర్వులో ఆ ఊరి పేరు చూసి దిగులుపడే మన బ్యాంకు కుటుంబాలదీ అదే సందేహం. అందుకే నాకు తెలిసినంతలో మా సీమ గురించి నాలుగు మాటలు.

రెండు కొండల నడుమ

అనంతపురానికి పడమట దూరంగా పశ్చిమ కనుమలు ఉన్నాయి. అరేబియా సముద్రం నుంచి వచ్చే నైరుతి మేఘాలు ఆ కొండలెక్కేటప్పుడే చాలావరకు కురిసిపోతాయి. ఇవతలికి దిగేది పొడిగాలి. దీన్నే వర్షచ్ఛాయ అంటారు. ఇక తూర్పున నల్లమల, పాలకొండలు, శేషాచలం ఉన్నాయి. అక్టోబరు, నవంబరుల్లో బంగాళాఖాతం నుంచి వచ్చే వానలు నెల్లూరు తీరాన్ని తడిపి, ఇంత లోపలికి వచ్చేసరికి నీరసిస్తాయి. ఖరగ్‌పూర్‌లో ఏటా సుమారు 1500 మిల్లీమీటర్ల వాన పడితే మా వైపు పడేది 550 మాత్రమే.

ఖరగ్‌పూర్ నేలా ఎర్రదే, మాదీ ఎర్రదే. కానీ ఇక్కడి మొరం నేల, వానలు సారాన్ని కడిగేయగా ఇనుము మిగిలి ఎర్రబడింది. మాది నల్లరాయి పొడై ఏర్పడిన పలుచని మట్టి. కాస్త లోతుకే బండ తగులుతుంది. పడిన నీరు ఎక్కువకాలం నిలవదు.

నీటిని ఆపినవారు

కర్ణాటకలోని నంది కొండల్లో పుట్టిన పెన్న మా జిల్లా మీదుగా పారి, గండికోట దగ్గర ఎర్రమల కొండలను చీల్చుకుని తూర్పుకు పోతుంది. ఏటిలో నీళ్లకన్నా ఇసుక కనిపించే రోజులే ఎక్కువ. అందుకే పెద్దలు చెరువులను నమ్ముకున్నారు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది. రోజుకు వెయ్యిమంది రెండేళ్లు పనిచేశారని అందులో ఉంది. మంచి చెరువుకు కావలసిన 12 అంగాలు, ఉండకూడని 6 దోషాలు కూడా చెప్పారు. చవిటి నేల ఆ దోషాలలో ఒకటి. అయితే నీటిని ఇంకనివ్వని ఆ చవుడునే మావాళ్లు మిద్దెల పైన పరిచారు. వాన తక్కువ కాబట్టి మట్టి కప్పు నిలుస్తుంది, ఎండకు ఇల్లు చల్లగా ఉంటుంది.

దత్త మండలాలనే పాత పేరు వదిలి 'రాయలసీమ' అనే పేరును 1928లో నంద్యాల సభలో సూచించిన చిలుకూరి నారాయణరావు గారు ఉత్తరాంధ్రలో పుట్టినవారే. ఈ మాట చెబితే ఇక్కడి తెలుగువారి ముఖాలు వెలిగిపోతాయి.

మూడు వారాల గండం

ఒకప్పుడు కొర్ర, జొన్న, రాగి, కంది కలిపి వేసేవారు. ఒకటి పోతే ఇంకొకటి చేతికొచ్చేది. తర్వాత వేరుశనగ ఒక్కటే పొలాలను ఆక్రమించింది. దీని పూత నేల పైన పూస్తుంది, ఊడలు మట్టిలోకి దిగాకే కాయ ఊరుతుంది. సరిగ్గా అప్పుడే మూడు వారాలు వాన మొహం చాటేస్తే నేల గట్టిపడి ఊడ దిగదు. ఆ తర్వాత సెప్టెంబరులో కుండపోతగా కురిసి, ఏడాది లెక్క సరిపోయినా, చెట్టు పచ్చగా ఉంటుందే గానీ కింద కాయ ఉండదు.

అక్కడికి బదిలీపై వెళ్లే మనవాళ్లకు నేను చెప్పేది ఇదే. పంట రుణం ఫైలు ముందుపెట్టుకున్నప్పుడు ఎంత వాన పడిందన్నదానితో ఆగకండి, ఏ తేదీల్లో పడిందో కూడా అడగండి. "వాన బాగానే పడిందిగా, ఇంకా ఎందుకు కట్టలేదు?" అన్న ప్రశ్నకు రైతు ఇచ్చే జవాబు ఆ తేదీల్లోనే ఉంటుంది. ఇక ఇంట్లోవాళ్లకు ఒక మాట: నీళ్లు పొదుపుగా వాడడం నెలలో అలవాటవుతుంది. రాగి సంగటి, ఊరుబిండి రుచి మరిగితే తిరుగు బదిలీ అడగడానికి మనసొప్పదు.